ఆల్కట్రాజ్, రాబెన్ ఐలండ్: ముందు ఏ జైలు చూడాలి?

రెండూ సముద్రం మధ్య జైళ్లే, రెండింటికీ పడవెక్కాలి, టికెట్ ముందే బుక్ చేసుకోవాలి. అసలు తేడా కథ ఎవరు చెబుతారన్న దగ్గరే.

శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఆల్కట్రాజ్‌లో హెడ్‌ఫోన్స్ ఇస్తారు, వాటిలో అక్కడ పనిచేసిన గార్డులు, శిక్ష అనుభవించిన ఖైదీల గొంతులే వినిపిస్తాయి. 1962లో తప్పించుకున్న ముగ్గురు ఖైదీలూ గార్డులను ఏమార్చడానికి నిజమైన జుట్టు అతికించి పక్క మీద పెట్టి వెళ్లిన బొమ్మ తలలు ఉన్నాయి కదా, వాటి నమూనాలు ఆ గదుల్లోనే ఉంటాయి, కావాలంటే అరగంట నిలబడి చూడొచ్చు. ఎవరూ తొందరపెట్టరు. తిరుగు పడవ కూడా మన ఇష్టమే.

కేప్‌టౌన్ దగ్గరి రాబెన్ ఐలండ్‌లో ఈ స్వేచ్ఛ లేదు. అంతా గుంపుగా, టైమ్ ప్రకారం. మండేలా 27 ఏళ్ల జైలు జీవితంలో 18 ఏళ్లు గడిచింది ఈ దీవిలోనే, ఆయన గది ముందు నిమిషం ఆగేలోపే వెనకవాళ్లు వచ్చేస్తారు. అయినా నా ఓటు దీనికే. ఎందుకంటే జైలు లోపల తిప్పి చూపించేది చాలావరకు ఒకప్పటి రాజకీయ ఖైదీలే. ఏ జాతివాళ్లకు ఎంత చక్కెర, ఎవరికి జామ్ ఇవ్వకూడదు అని రాసిన తిండి పట్టిక చూశాక, ఆ తిండి తిన్న మనిషినే నేరుగా అడగొచ్చు. వాళ్లకి వయసు మీద పడుతోంది, ఆల్కట్రాజ్ రికార్డింగ్ ఎక్కడికీ పోదు.