కాన్పు తర్వాత నొప్పికి మందు లేని ఉపశమనం: ఐసా, కాపడమా, బెల్టా? ఏది మేలు?

కాన్పయ్యాక నొప్పి అని అందరం ఒకే మాట అంటాం. కానీ ఆ వారంలో ఒకే ఒంట్లో మూడు నాలుగు రకాల నొప్పులుంటాయి. కింద కుట్ల దగ్గర సలుపు, పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, సిజేరియన్ అయితే కోత నొప్పి, మూడో రోజుకల్లా రొమ్ముల్లో బిగువు. ఒక్కోదానికి ఒక్కో కారణం. అందుకే ఐస్ మంచిదా, వేడి మంచిదా అని అడిగేముందు రెండు సంగతులు తెలియాలి: నొప్పి ఎక్కడ, కాన్పయి ఎన్ని గంటలైంది. ఒకే బాలింతకు ఒకే పూట కింద ఐస్, పైన వేడినీళ్ల బ్యాగు రెండూ కావలసిరావచ్చు.

కుట్ల దగ్గర: ఐస్ ప్యాకా, గోరువెచ్చని నీళ్లా?

మొదటి రోజు ఐస్ ప్యాకే మేలు. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు యోనికీ మలద్వారానికీ మధ్య భాగం సాగుతుంది, చిట్లుతుంది, ఒక్కోసారి డాక్టరే కోసి కుట్లు వేస్తారు. ఆ తర్వాత అక్కడికి నీరు చేరి వాపు వస్తుంది. కుట్లు వేసినప్పుడు సరిగ్గా ఉన్న దారమే వాపు వల్ల బిగుసుకుంటుంది. మొదటి రోజు కంటే రెండో రోజు ఎక్కువ నొప్పిగా ఉందని చాలామంది అనడానికి ఇదొక కారణం. చల్లదనం రక్తనాళాలను ముడుచుకునేలా చేసి వాపును అదుపులో ఉంచుతుంది, అక్కడి నరాలను కాసేపు మొద్దుబారుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రసవానంతర సంరక్షణ మార్గదర్శకాల్లో కూడా ఈ నొప్పికి ఐస్ ప్యాక్ లేదా చల్లటి ప్యాడ్ వాడవచ్చని ఉంది.

వాడే పద్ధతిలోనే తేడా అంతా ఉంది. గట్టిగా గడ్డకట్టిన ప్యాడ్ ఒంటికి ఆనుకోదు, కుట్ల మీద ఒత్తుతుంది. చితక్కొట్టిన ఐస్‌ను చిన్న ప్లాస్టిక్ సంచిలో సగం దాకా నింపి, గాలి తీసేసి, శుభ్రమైన పలుచటి తడిగుడ్డలో చుడితే ఉన్న ఆకారానికి ఒదుగుతుంది. పది నుంచి ఇరవై నిమిషాలు ఉంచి తీసేయాలి. పది నిమిషాలు పెట్టినా ఆ ఉపశమనం గంట, రెండు గంటలు నిలవొచ్చు కాబట్టి గంటల తరబడి పెట్టుకుని ఉండడం వల్ల లాభం లేదు, చర్మం దెబ్బతింటుంది. నడుముకు మత్తు ఇచ్చి, దాని ప్రభావం ఇంకా పోకపోతే మరీ జాగ్రత్త: చల్లదనానికి చర్మం దెబ్బతింటున్నా ఆమెకు తెలియదు. అప్పుడు పక్కనున్నవాళ్లే గడియారం చూసి తీసేయాలి.

ఐస్ పెట్టినా తగ్గకుండా, కాన్పయిన కొన్ని గంటల్లోనే నొప్పి అంతకంతకు పెరుగుతూ, మలద్వారం వైపు ఏదో నొక్కేస్తున్నట్టు అనిపిస్తే అది మామూలు కుట్ల నొప్పి కాకపోవచ్చు. లోపల రక్తం గడ్డకడుతూ ఉండొచ్చు. పైకి అంతగా కనపడకపోయినా వెంటనే నర్సుకు చెప్పి చూపించుకోవాలి.

ఒక రోజు దాటాక గోరువెచ్చని నీళ్ల వంతు. సిట్జ్ బాత్ అనే ఈ తొట్టి స్నానానికి శుభ్రంగా కడిగిన వెడల్పాటి టబ్బు, నడుము కింది భాగం మునిగేలా నాలుగు అంగుళాల నీళ్లు చాలు. నీళ్ల వేడి 37 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మణికట్టు లోపలి వైపు పోసుకుంటే వెచ్చగా ఉండాలే గానీ చురుక్కుమనకూడదు. పది, పదిహేను నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. వెచ్చదనానికి బిగుసుకున్న కండరాలు సడలుతాయి, రక్త ప్రసరణ పెరుగుతుంది. మొలలు ఉన్నవాళ్లకు కూడా ఇది హాయినిస్తుంది. ఉప్పు, యాంటిసెప్టిక్ ద్రావణాలు కలపనక్కర్లేదు. మామూలు నీళ్లతోనే పని జరుగుతుంది, ఘాటైన ద్రావణమైతే పచ్చి గాయం మండుతుంది. ఎక్కువసేపు కూర్చుంటే చర్మం నాని కుట్లు మెత్తబడతాయి. లేచాక రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దాలి. వేడికి తల తిరగొచ్చు, ముఖ్యంగా రక్తం ఎక్కువ పోయినవాళ్లకు, కాబట్టి మొదటి రెండు సార్లు ఎవరైనా దగ్గర ఉండాలి.

రెండో రోజు కూడా వాపు బాగా ఉంటే వేడి మొదలుపెట్టకుండా ఐస్‌నే కొనసాగించండి. వాపు తగ్గి, పట్టేసినట్టు, లాగుతున్నట్టు ఉంటే నీళ్లకు మారండి.

కూర్చోవడానికి: రింగు దిండా, పక్కకు పడుకోవడమా?

రింగు దిండు పెట్టుకోగానే కుట్ల మీద బరువు తగ్గినట్టు ఉంటుంది. కానీ ఎక్కువసేపు కూర్చుంటే చుట్టూ ఒత్తిడి పడి, మధ్యలోని భాగం కిందికి వేలాడుతుంది, అక్కడ రక్తం నిలిచి వాపు పెరగొచ్చు. భోజనం చేసే కాసేపటికి సరే. పాలివ్వడానికి మాత్రం పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోవడమే మేలని మా అభిప్రాయం. కూర్చోక తప్పనప్పుడు పిరుదులను కాస్త బిగించి, మెల్లగా దిగి, కూర్చున్నాక వదిలితే కుట్లు లాగవు.

మూత్రం, విరేచనం

ఇక్కడ పోలికలు అక్కర్లేదు, ఉన్నవన్నీ చేయదగ్గవే. మూత్రం పోసేటప్పుడు మంటగా ఉంటే సీసాతో గోరువెచ్చని నీళ్లు ముందు నుంచి పోసుకుంటూ ఉండాలి. మూత్రం పలచబడి గాయానికి తగలడం తగ్గుతుంది. మొదటి విరేచనానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. కుట్లు ఊడతాయేమోనన్న భయంతో ఆపుకుంటే మలం గట్టిపడి అసలు బాధ అప్పుడు మొదలవుతుంది. పాదాల కింద చిన్న పీట పెట్టుకుని, మోకాళ్లు తుంటి కంటే ఎత్తులో ఉండేలా ముందుకు వంగి, శుభ్రమైన ప్యాడ్‌ను కుట్ల మీద అరచేత్తో ఆనించి పట్టుకుంటే ముక్కకుండానే అవుతుంది. కుట్లు ఊడవు.

కాన్పయ్యాక గానీ, మూత్రం గొట్టం తీశాక గానీ ఆరు గంటల్లోపు మూత్రం రాకపోతే ఇంకా వేచి చూడకుండా చెప్పాలి.

పొత్తికడుపు నొప్పి: వేడి బ్యాగా, బోర్లా పడుకోవడమా?

గర్భసంచి ముడుచుకుంటూ పాత పరిమాణానికి వచ్చే క్రమంలో వచ్చే నొప్పి ఇది. మొదటి కాన్పు కంటే రెండో, మూడో కాన్పులో ఎక్కువ. బిడ్డ పాలు తాగేటప్పుడు గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది కాబట్టి సరిగ్గా అప్పుడే పెరుగుతుంది. రక్తస్రావాన్ని అదుపు చేసేది ఈ ముడుచుకోవడమే, దాన్ని ఆపాలని చూడకూడదు. ఓర్చుకోగలిగేలా చేసుకోవడమే మనం చేయగలిగింది.

అన్నిటికంటే ముందు మూత్రాశయం ఖాళీ చేయాలి. అది నిండి ఉంటే గర్భసంచిని పైకి, పక్కకు నెట్టేస్తుంది. గర్భసంచి సరిగా ముడుచుకోలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, నొప్పీ పెరుగుతుంది, రక్తస్రావమూ పెరుగుతుంది. కాన్పు తర్వాత మొదటి రోజుల్లో మూత్రం వస్తున్న స్పృహ మందగిస్తుంది గనుక అనిపించకపోయినా రెండు మూడు గంటలకోసారి వెళ్లాలి. బిడ్డకు పాలిచ్చే ముందు వెళ్లడం అలవాటు చేసుకుంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఆ తర్వాత వేడినీళ్ల బ్యాగు. మరిగే నీళ్లు కాదు, మరిగి కాస్త చల్లారినవి మూడింట రెండు వంతులు పోసి, గాలి తీసి, గుడ్డ చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు. బ్యాగు పెట్టుకుని నిద్రపోవద్దు. సహజ కాన్పు అయినవాళ్లు పొత్తికడుపు కింద చిన్న దిండు పెట్టుకుని బోర్లా పడుకోవచ్చు. మొదటి ఐదు నిమిషాలు నొప్పి పెరిగి ఆ తర్వాత సర్దుకుంటుంది. రెంటిలో మొదట ప్రయత్నించాల్సింది వేడి: పాలిస్తూ కూడా పెట్టుకోవచ్చు, బోర్లా పడుకుని పాలివ్వలేరు కదా. సిజేరియన్ అయినవాళ్లకు మాత్రం కోత దగ్గర వేడి బ్యాగు వద్దు. అక్కడి చర్మం నెలల తరబడి తిమ్మిరిగా ఉంటుంది, కాలినా తెలియదు. వాళ్లు నడుము వెనక పెట్టుకోవచ్చు.

వారం దాటినా నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, జ్వరం 38 డిగ్రీలు దాటితే, స్రావం దుర్వాసన వస్తే, గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే కాపడాలు ఆపి ఆస్పత్రికి వెళ్లాలి.

సిజేరియన్ కోతకు: దిండు, బెల్టు, టెన్స్

దిండు విలువ చాలామందికి తెలియదు. దగ్గు, తుమ్ము, నవ్వు వచ్చేముందే గట్టి దిండునో మడిచిన తువ్వాలునో కోత మీద రెండు చేతులతో అదిమిపట్టి, మోకాళ్లు కాస్త మడిస్తే కోత మీద లాగుడు సగానికి సగం తగ్గినట్టు అనిపిస్తుంది. లేచే పద్ధతి కూడా ముఖ్యమే. వెల్లకిలా ఉన్నచోటి నుంచి నేరుగా లేవకూడదు. మోకాళ్లు మడిచి, భుజాలు, తుంటి కలిపి ఒక్కసారిగా పక్కకు దొర్లి, కాళ్లు మంచం కిందికి జారవిడుస్తూ, మోచేత్తోనూ రెండో అరచేత్తోనూ మంచాన్ని నెట్టి ఊపిరి వదులుతూ లేవాలి.

బెల్టు నడిచేటప్పుడు ధైర్యాన్నిస్తుంది, నొప్పి కొంత తగ్గిస్తుంది. అయితే దాన్ని పొట్ట తగ్గించే సాధనంగా వాడితేనే చిక్కు. బిగించి కడితే ఊపిరి పైపైన ఆడుతుంది, ఒత్తిడంతా కిందికి, అప్పటికే సాగి ఉన్న కటి కండరాల మీదికి దిగుతుంది. కింది నుంచి పైకి బిగిస్తూ రావాలి, లోపలికి రెండు వేళ్లు సులువుగా దూరాలి. పడుకునేటప్పుడు తీసేయాలి. చెమటకు కోత తడిగా ఉంటే ఆ పూటకు బెల్టు మానండి.

టెన్స్ యంత్రం చర్మం మీద అంటించే ప్యాడ్ల ద్వారా స్వల్ప విద్యుత్తు పంపి నొప్పి సంకేతాలను మసకబారుస్తుంది. ప్యాడ్లు కోతకు అటూ ఇటూ, కోతకు కనీసం రెండు సెంటీమీటర్ల దూరంలో, స్పర్శ బాగా తెలిసే చర్మం మీదే అంటించాలి. యంత్రంలో ఫ్రీక్వెన్సీని 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య పెట్టి, విద్యుత్తు తీవ్రతను బలంగా చిమచిమలాడుతూ బాధ కలగని స్థాయి దాకా మెల్లగా పెంచాలి. పనిచేస్తుంది, కానీ ఎక్కువగా ఆన్‌లో ఉన్నంతసేపే. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడకూడదు. మూడింటిలో ముందు దిండు, నడకకు బెల్టు. రెండూ చాలకపోతేనే టెన్స్ గురించి ఆలోచించండి.

కోత కంటే గ్యాసే ఎక్కువ బాధపెడుతోందని కొందరంటారు. దానికి నడకే మందు: డాక్టరు సరేనన్నాక మొదటి రోజే మంచం చుట్టూ నాలుగు అడుగులు, ఆపైన ప్రతి పూటా కాస్త ఎక్కువ. చూయింగ్ గమ్ నమలడం వల్ల సిజేరియన్ తర్వాత పేగుల కదలిక త్వరగా మొదలవుతుందని పరిశోధనల్లో తేలింది. రోజుకు మూడు సార్లు, పదిహేను నిమిషాల నుంచి అరగంట చాలు. నడక వల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా తగ్గుతుంది. ఒక్క పిక్కలోనే నొప్పి, వాపు వస్తే మాత్రం నొక్కడాలు, మర్దనలు చేయకుండా డాక్టరుకు చూపించాలి.

రొమ్ముల బిగువు: ముందు వెచ్చన, తర్వాత చల్లన

వేడీ చల్లదనం రెండూ అవసరమయ్యేది ఇక్కడే. పాలివ్వడానికి రెండు మూడు నిమిషాల ముందు తడి వెచ్చని గుడ్డ వేస్తే పాలు సులువుగా దిగుతాయి. ఎక్కువసేపు వేస్తే వాపు పెరుగుతుంది. పాలిచ్చాక చల్లటి గుడ్డ పది, పదిహేను నిమిషాలు. చనుమొన చుట్టూ గట్టిపడి బిడ్డ నోటికి పట్టకపోతే, మొన మొదట్లో వేళ్ల కొసలతో చుట్టూ ఛాతీ వైపు ఒక నిమిషం మెల్లగా నొక్కి ఉంచితే అక్కడి నీరు వెనక్కి వెళ్లి మెత్తబడుతుంది. గట్టి మర్దన వద్దు, కణజాలం నలిగి వాపు ఇంకా పెరుగుతుంది. పంపుతో మొత్తం ఖాళీ చేయడమూ పొరపాటే. ఎంత తీస్తే అంత తయారవుతుంది కాబట్టి హాయిగా అనిపించేంతే తీయాలి.

మాత్రలతో కలిపి

ఇవన్నీ మాత్రలకు పోటీ కావు. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ పాలలోకి చాలా కొద్దిగానే వెళ్తాయి, పాలిచ్చే తల్లులకు డాక్టర్లు సాధారణంగా ఇచ్చేవే. రక్తపోటు, కిడ్నీ, కడుపులో పుండ్ల సమస్య ఉంటే ఐబుప్రోఫెన్ సంగతి ముందే అడగాలి. సిజేరియన్ తర్వాత మొదటి రోజుల్లో దిండూ బెల్టుతోనే నెట్టుకురావాలనుకోవడం సరికాదు. నొప్పికి భయపడి కదలకపోతే గ్యాస్, మలబద్ధకం, రక్తం గడ్డలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇక కాన్పు తర్వాత ఆరు వారాల్లోపు తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే అవి పై పద్ధతుల్లో దేనికీ చెందనివి, నేరుగా ఆస్పత్రికే.

మాత్ర వేసుకున్న అరగంట నుంచి గంట లోపల పనిచేయడం మొదలవుతుంది. నడకో, స్నానమో, కూర్చుని పాలివ్వడమో ఆ సమయానికి పెట్టుకుని, మాత్రల మధ్య గంటల్లో ఐస్, వేడి వాడుకుంటే రెండు మాత్రల మధ్య ఎడం దానంతటదే పెరుగుతూ వస్తుంది.