కరెంటు పోయి వచ్చాక లేచి నిలబడేది ఏది? చిన్న ఏఆర్‌ఎం బోర్డుకు మూడు లినక్సులు

“ర్యామ్ 512 ఎంబీయే ఉంది సార్, ఏ లినక్స్ వేసుకోమంటారు?” నెలలో నాలుగుసార్లయినా నాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగేవారిలో సగం మంది హనుమకొండలో ఇంజినీరింగ్ చదువుతూ, ప్రాజెక్టు గడువు పది రోజులు ఉందనగా మేలుకున్న పిల్లలు. మిగతా సగం దుకాణంలోనో బడిలోనో బావి దగ్గరో ఒక బోర్డు పెట్టి ఇక దాని సంగతి మరచిపోదామనుకునే పెద్దలు. అందరికీ కావలసింది ఒకటే అంకె: ఏది ఎన్ని ఎంబీలు తింటుంది? నేనూ చాలాకాలం ఆ అంకెలే చెప్పి పంపించేవాణ్ణి. కిందటి వేసవిలో వరంగల్ ఎనుమాముల మార్కెట్ వైపున్న ఒక కోల్డ్ స్టోరేజీలో మూడు బోర్డులు బిగించాక ఆ తూకపురాళ్లు పక్కన పెట్టేశాను. ఇక్కడ పోల్చేది మూడు లినక్సులను: రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్, డయట్‌పై, ఆల్పైన్.

అక్కడి పని చాలా చిన్నది. మిర్చి బస్తాలున్న గదుల్లో డీఎస్18బీ20 సెన్సర్లు వేలాడదీయాలి, ఐదు నిమిషాలకోసారి ఉష్ణోగ్రత చదవాలి, ఆఫీసు గదిలోని కంప్యూటర్‌కు పంపాలి. రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఈ పనికి ఎక్కువే. “మాకు జనరేటర్ ఉంది సార్, కరెంటు పోయే బాధే లేదు” అన్నారు మేనేజరు గారు. కంప్రెసర్ల వరకు ఆయన మాట నిజం. లైను పోయి జనరేటర్ అందుకునేలోపు పది పదిహేను సెకన్ల ఖాళీ ఉంటుంది. చల్లబడిన గదికి అది లెక్కలోకి రాదు. బోర్డుకు మాత్రం ఎవరో వచ్చి ప్లగ్గు పీకినట్టే. లైను తిరిగి వచ్చాక జనరేటర్ నుంచి దానికి మారేటప్పుడు మళ్లీ ఇంకోసారి. మే నెలలో గాలిదుమారం లేచిన సాయంత్రం ఈ తంతు ఐదారుసార్లు నడుస్తుంది. మూడో వారంలో ఒక బోర్డు లేవలేదు. తెర తగిలించి చూస్తే, సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండే రూట్ ఫైల్‌సిస్టమ్ దొరకడం లేదని లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ మొర పెట్టుకుంటోంది.

ఆ బోర్డులో వేసింది రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్. తప్పు దానిది కాదు, ఎలా వచ్చిందో అలాగే వేసి చేతులు దులుపుకున్న నాది. మెమరీ కార్డులోని ఫ్లాష్ ఒక్క అక్షరం మార్చాలన్నా పెద్ద గడి మొత్తాన్ని చెరిపి తిరగరాయాలి. ఆ పని మధ్యలో కరెంటు పోతే, రాస్తున్న ఫైలుతో పాటు అదే గడిలో పొరుగున ఉన్న, నెలల తరబడి ఎవరూ ముట్టని ఫైలు కూడా పోవచ్చు. కార్డు మీద ఫైళ్లను సర్దే ఈఎక్స్‌టీ4 పద్ధతిలోని జర్నల్ తన లెక్కలను తాను సరిచేసుకోగలదు గానీ, కార్డు లోపలి కంట్రోలర్ పోగొట్టినదాన్ని వెనక్కి తేలేదు. కాబట్టి నేనిప్పుడు ముందుగా చూసేది ఒక్కటే: మనం ఏ పనీ చెప్పనప్పుడు కూడా ఈ సిస్టమ్ కార్డు మీద ఎంత తరచుగా రాస్తుంది? లాగ్ ఫైళ్లు, ప్యాకేజీల జాబితాలు, ర్యామ్ చాలనప్పుడు కార్డును వాడుకునే స్వాప్, గంటకోసారి సమయాన్ని దాచుకోవడం... ఊరికే కూర్చున్నట్టు కనిపించే డెబియన్ అనే లినక్స్ నిజానికి కరణం గారిలా ఎప్పుడూ ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. పై ఓఎస్ లైట్, డయట్‌పై రెండూ ఆ డెబియన్ బిడ్డలే.

ఆల్పైన్‌ను డిస్క్‌లెస్ పద్ధతిలో వేస్తే ఆ రాత ఆగిపోతుంది. కార్డు మీద ఒక్క ఫ్యాట్32 భాగం చాలు. అందులో కెర్నల్, కొన్ని ప్యాకేజీలు, మన సెట్టింగులన్నిటినీ కట్టిన ఒక చిన్న మూట ఉంటాయి. బోర్డు లేచేటప్పుడు వీటిని చదువుకుని సిస్టమ్ మొత్తాన్ని ర్యామ్‌లో నిలబెట్టుకుంటుంది. ఆపైన కార్డును చదవడమే తప్ప రాయడం ఉండదు. కరెంటు ఏ క్షణాన పోయినా సగం రాసి వదిలేసినదంటూ ఏదీ మిగలదు. మనం చేసిన మార్పు నిలవాలంటే ‘ఎల్‌బీయూ కమిట్’ అనే కమాండుతో మనమే చెప్పాలి, కార్డు రాతకు తెరుచుకునేది ఆ కాసేపే. పాత మూటలు కొన్నిటిని ఉంచమని కూడా చెప్పుకోవచ్చు. తాజా మూటలో తప్పు దొర్లితే ముందటిదానికి వెళ్లిపోవచ్చు.

నా పనికి ఇందులో పైథాన్ అవసరం కూడా పడలేదు. డీఎస్18బీ20 ఉష్ణోగ్రతను కెర్నలే ఒక ఫైలుగా చూపిస్తుంది. దాన్ని చదివి, అంకె విడదీసి, పంపించడానికి ఆల్పైన్‌తోనే వచ్చే చిన్న కమాండ్ల పెట్టె బిజీబాక్స్‌లోని పనిముట్లే సరిపోయాయి. స్క్రిప్టు ఇరవై వరుసలు దాటలేదు.

ఇంత మెచ్చుకున్నాను కదా అని రేపే వేసుకుని నన్ను తిట్టుకోవద్దు. మొదటి దెబ్బ నాకే తగిలింది. ఒక సాయంత్రం స్క్రిప్టు సవరించి, ఎల్‌బీయూ కమిట్ కూడా చేసి, తృప్తిగా ఇంటికి వచ్చాను. రాత్రి కరెంటు పోయి వచ్చింది. పొద్దున చూస్తే స్క్రిప్టే లేదు. ఎల్‌బీయూ తనంతట తాను మూటకట్టేది ‘ఈటీసీ’ డైరెక్టరీని మాత్రమే. స్క్రిప్టు ఉన్న చోటును ‘ఎల్‌బీయూ ఇన్‌క్లూడ్’ అని విడిగా చేర్చాలి. అది పుస్తకంలో చదివినట్టే ఉంటుంది, చేతికి రావడానికి ఒక రాత్రి కొలతలు పోవాలి. రెండోది, ప్యాకేజీల నిల్వను కార్డు మీద పెట్టుకోకపోతే, బోర్డు లేచేటప్పుడు మనం అదనంగా వేసిన ప్యాకేజీల కోసం ఇంటర్నెట్ వైపు చూస్తుంది. కరెంటు పోయినప్పుడు రౌటరు కూడా పోతుంది, అది లేచేది బోర్డు తర్వాతే. మూడోది, సిస్టమ్ ర్యామ్‌లో ఉంటుంది కనుక వేసిన ప్రతి ప్యాకేజీ ర్యామ్‌నే తింటుంది. మామూలుగా ర్యామ్‌లో సగం దాటి ఆ రూటుకు దొరకదు కూడా. అంటే 512 ఎంబీ బోర్డులో బరువైన సామాను సర్దుదామంటే కుదరదు. నాలుగోది, కెర్నల్‌ను కొత్తదానికి మార్చడం ఇక్కడ ఒక్క కమాండుతో తేలే పని కాదు, ఫ్యాట్ భాగంలోని బూట్ ఫైళ్లను కూడా విడిగా మార్చాలి.

కొలతల మాట కూడా చెప్పాలి. ర్యామ్‌లో రాసుకున్నది కరెంటుతో పోతుంది. అందుకే నా బోర్డులు చదివిన వెంటనే పంపించేస్తాయి. రౌటరు లేచేదాకా చేతిలో పట్టుకుని ఆగుతాయి. అంకెలు బోర్డులోనే నిలవాలనుకుంటే ఆల్పైన్‌లోనైనా ఒక చిన్న యూఎస్‌బీ డ్రైవ్ తగిలించి, గంటకోసారి మాత్రమే దాంట్లోకి దించడం నయం. అది చెడితే అంకెలు పోతాయి, బోర్డు మాత్రం లేస్తుంది.

మజిల్ గొడవ వేరే ఉంది, విద్యార్థులకు అదే అసలు అడ్డంకి. ప్రోగ్రాములు ఆధారపడే సీ లైబ్రరీగా ఆల్పైన్ వాడేది డెబియన్‌లో ఉండే గ్లిబ్‌సీ కాదు, మజిల్. ఎవరో గ్లిబ్‌సీ కోసం కంపైల్ చేసి ఇచ్చిన ప్రోగ్రాము తెచ్చి నడిపితే, ఫైలు కళ్లెదుట ఉండగానే “దొరకలేదు” అంటుంది. ఈ వింత చూసి గంటల కొద్దీ తల పట్టుకున్న పిల్లల్ని చూశాను. పైథాన్ లైబ్రరీ ఆల్పైన్ భాండారంలో ఉంటే పరవాలేదు. లేకపోతే పైథాన్ లైబ్రరీలు తెచ్చిపెట్టే పిప్ చాలాసార్లు మొదటి నుంచి కంపైల్ మొదలుపెడుతుంది. 512 ఎంబీ బోర్డు మీద పెద్ద లైబ్రరీని కంపైల్ చేయడమంటే చాయ్ తాగి రావడం కాదు, సమ్మక్క జాతరకు వెళ్లి రావచ్చు, తిరిగొచ్చేసరికి ర్యామ్ చాలక ఆగిపోయి ఉంటుంది. పై ఓఎస్‌లో ఈ బాధ లేదు. 32 బిట్‌కు పైవీల్స్ అనే చోట ముందే కట్టిన లైబ్రరీలు దొరుకుతాయి, పిప్ అక్కడికి తనే వెళ్తుంది. కెమెరా, ముఖాల గుర్తింపు, మెషిన్ లెర్నింగ్ అంటూ వచ్చేవాళ్లకు నేను ఆల్పైన్ పేరే ఎత్తను.

పై ఓఎస్ లైట్ గొప్పదనం తేలికదనంలో లేదు, తోడు దొరకడంలో ఉంది. ఏ సెన్సరు కొన్నా దాని కాగితంలో రాసేది దీని కమాండ్లే. అయితే పాత పాఠాలను నమ్మి మోసపోకండి. 2022 ఏప్రిల్ నుంచి ‘పై’ అనే సిద్ధంగా ఉన్న యూజరు లేడు. 2023 అక్టోబరులో బుక్‌వర్మ్ అనే విడుదలకు మారినప్పుడు వైఫై వ్యవహారం నెట్‌వర్క్‌మేనేజర్ చేతికి వెళ్లింది. బూట్ భాగంలో వైఫై ఫైలు పెట్టి బోర్డు ఎప్పుడు కనెక్టవుతుందా అని ఎదురుచూసే వాళ్లు ఇప్పటికీ తగులుతున్నారు. కరెంటు భయానికి ఇందులోనూ మందు ఉంది: రాస్పి-కాన్ఫిగ్ అనే సెట్టింగుల మెనూలో ఓవర్‌లే ఫైల్‌సిస్టమ్ అనే మీట. అది నొక్కితే కార్డు చదవడానికే పరిమితమై రాతలన్నీ ర్యామ్‌లోకి పోతాయి. ఫలితం దాదాపు ఆల్పైన్ లాంటిదే. తేడా వచ్చేది మార్పు చేయాల్సి వచ్చినప్పుడు. ఓవర్‌లే తీసెయ్, రీబూట్, మార్పు చెయ్, ఓవర్‌లే పెట్టు, మళ్లీ రీబూట్. బల్ల మీదున్న బోర్డుకు ఇది పెద్ద పని కాదు. ఎనుమాములలో ఉన్న బోర్డుకు హనుమకొండ నుంచి చేయాలంటే రెండు రీబూట్లూ గుండె చిక్కబట్టుకునేవే. దాంతో మనిషి అప్‌డేట్లు చేయడమే మానేస్తాడు, లేదా ఓవర్‌లే తీసి మళ్లీ పెట్టడం మరచిపోతాడు. నేను రెండూ చేశాను.

అయినా ములుగు దగ్గర ఒక ఊరి ఉన్నత పాఠశాలకు మాత్రం ఓవర్‌లేతో పై ఓఎస్ లైటే పెట్టి ఇచ్చాను. కివిక్స్‌తో తెలుగు వికీపీడియా ఇంటర్నెట్ లేకుండా పిల్లలకు చూపించే బోర్డు అది. ఏడాదికోసారి తప్ప దాన్ని ముట్టుకునే పని లేదు. ఆల్పైన్ ఆరు నెలలకో విడుదల ఇస్తుంది, ఒక్కో విడుదలకు ఆదరణ రెండేళ్లే. డెబియన్ అంతకంటే ఎక్కువకాలం నెట్టుకొస్తుంది. పైగా నేను అందుబాటులో లేనప్పుడు అక్కడి లెక్కల మాస్టారు ఎవరిని అడిగినా జవాబు దొరకాలి కదా.

డయట్‌పై గురించి ఎక్కువ రాయడానికి లేదు. డెబియన్‌ను బక్కచిక్కించి, మెనూలు తొడిగినది. ఏది కావాలో టిక్కు పెడితే అదే వేసి సర్దిపెడుతుంది, మొదటిసారి ఇంట్లో సర్వర్ నడపాలనుకునే వారికి ఇంతకంటే సుఖం లేదు. లాగ్ ఫైళ్లను ర్యామ్‌లో ఉంచి కార్డుకు రాతలు తగ్గిస్తుంది. కానీ తగ్గించడం వేరు, ఆపడం వేరు. రూట్ ఇంకా రాతకు తెరిచే ఉంటుంది. పైగా ఆ లాగులను గంటకోసారి తుడిచేయడం దాని మామూలు అలవాటు. రాత్రి రెండింటికి ఏం జరిగిందో పొద్దున వెతికితే పలక ఖాళీ.

ఎంబీల లెక్క లేకపోతే ఊరుకోరు కనుక చెబుతున్నాను. నా జీరో 2 డబ్ల్యూలో పని లేకుండా ఉంచినప్పుడు ఆల్పైన్, డయట్‌పై వంద ఎంబీ లోపే, పై ఓఎస్ లైట్ దానికి కాస్త అటూ ఇటూ. ఆ తేడాతో మీ ప్రాజెక్టు తలరాత మారదు.

బోర్డు రాస్ప్‌బెర్రీ కాకుండా ఆరెంజ్ పై లాంటిదైతే చర్చ అక్కర్లేదు, ఆర్మ్‌బియన్ చూడండి. పీసీలో లాగా బోర్డు తన భాగాల జాబితా తానే చెప్పదు. ఏ పిన్ను ఎక్కడుందో డివైస్ ట్రీలో రాసి కెర్నల్‌కు ఇవ్వాలి, ఆ చాకిరీ బోర్డు బోర్డుకూ చేసిపెట్టేది ఆర్మ్‌బియన్ వాళ్లే. ఉబుంటు సర్వర్ 512 ఎంబీకి బరువు. పైకోర్ కూడా ర్యామ్‌లోనే నడుస్తుంది గానీ ప్యాకేజీలు తక్కువ.

ఒక నిజం ఒప్పుకోవాలి. ఇంట్లో మూడింటినీ బల్ల మీద పెట్టి ఒక్కోదానికి యాభైసార్లు స్విచ్ తీసి వేశాను. ఇంట్లో వాళ్లు నాకేదో అయిందనుకున్నారు. మూడూ యాభైసార్లూ లేచాయి! పై ఓఎస్ రెండుసార్లు డిస్కు సరిచేసుకుని లేచింది, అంతే. అంటే ఇలాంటి పరీక్ష దేన్నీ తేల్చదు. కార్డు చావడం లాటరీ లాంటిది, యాభై టికెట్లకు తగలనిది మూడు వారాల గాలిదుమారాలకు తగిలింది. ఆల్పైన్ మీద నా మొగ్గు పరీక్ష వల్ల కలిగింది కాదు, ఆ టికెట్లు కొనడమే మానేస్తుంది కనుక.

ఏది వేసినా గడియారం సంగతి మరవద్దు. జీరో 2 డబ్ల్యూలో బ్యాటరీ గడియారం లేదు. నెట్ అందేలోపు తీసిన కొలతలన్నీ తప్పుడు సమయంతో పడతాయి. డీఎస్3231 అనే బ్యాటరీ గడియారం మాడ్యూలు ఒకటి తగిలించాక ఏడాదికి కొద్ది నిమిషాలకు మించి తేడా రావడం కష్టం. ఫోను చార్జరుతో బోర్డు నడపడం కూడా మానండి, వోల్టేజీ తగ్గి మాటిమాటికీ రీబూట్ అయ్యేదాన్ని లినక్స్ తప్పుగా లెక్కవేసిన వాళ్లు చాలామంది.

ఇక మేనేజరు గారు ఇప్పుడు నాలుగో గదికీ ఒకటి కావాలంటున్నారు. నా బీరువాలో 2012 నాటి మొదటి తరం పై ఒకటి పడి ఉంది. దాని ప్రాసెసర్ ఏఆర్‌ఎంవీ6. డెబియన్ వారి సొంత ఏఆర్‌ఎం హెచ్‌ఎఫ్ అనే 32 బిట్ విభాగం దాని మీద నడవదు, ఏఆర్‌ఎంవీ7 ఉండాలంటుంది. ఆల్పైన్‌లో అదే పేరున్న విభాగం మాత్రం ఏఆర్‌ఎంవీ6కే కట్టినది. నిన్న రాత్రి వేసి చూశాను, సెన్సరు అంకె చెబుతోంది. దానికి వైఫై లేదు కనుక ల్యాన్ తీగ ఒక చుట్ట, పెద్ద సైజు ఎస్‌డీ కార్డు ఒకటి కొనాలి.