నీళ్లున్నాయన్న క్యాబిన్, నెనానా మంచు, క్రేన్ పక్షుల పొలం

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ చుట్టుపక్కల వసంతకాలంలో క్యాబిన్ బుక్ చేసుకునేవాళ్లు ముందు ఫోన్ చేసి అడగండి: "కుళాయిలో నీళ్లు ఇప్పుడు వస్తున్నాయా?" అని. మేం అడగలేదు. 220 డాలర్లు కట్టాం, అత్తయ్యగారికి రాత్రంతా నిద్ర లేదు.

ఆవిడ మార్చిలో కైకలూరు నుంచి వచ్చారు. ఏప్రిల్ ఆఖరి శనివారం నెనానా అనే ఊరు చూపిద్దామని బయల్దేరాం. పార్క్స్ హైవే మీద 55 మైళ్లు, గంట ప్రయాణం. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. రాత్రి పదింటికి కూడా వెలుగుండే రోజులు కదా, ఒక్క రాత్రి అడవిలో ఉందామని మావారు ముచ్చటపడ్డారు.

బుకింగ్ పేజీలో "బాత్‌రూమ్, వేడినీళ్లు" అని రాసి ఉంది. అద్దె 165, శుభ్రం చేసినందుకు 55. తీరా వెళ్తే సింకుకి కుళాయే లేదు. గట్టు మీద ఐదు గ్యాలన్ల నీలం డబ్బా, సింకు కింద బకెట్టు. ఆ బకెట్టులో ముందు దిగినవాళ్ల కాఫీ పిప్పి, నూడుల్స్ ముక్కలు తేలుతున్నాయి. స్నానాల గది వేరే షెడ్డులో ఉంది, దానికి తాళం. యజమానికి ఫోన్ చేస్తే, పైపులు గడ్డకట్టాయి, మే ఆఖరుకి తెరుస్తాం అన్నాడు. మరుగుదొడ్డి కూడా బయటే. అక్కడిదాకా మడమలోతు బురద. చేతికర్ర దిగబడిపోతుంటే అత్తయ్యగారిని ఇద్దరం చెరోవైపు పట్టుకుని నడిపించాం.

నీళ్లు లేని ఇళ్లు ఇక్కడ కొత్త కాదు. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేలలో బావి తవ్వాలన్నా, పైపు వేయాలన్నా బోలెడు ఖర్చు. అందుకే చాలామంది "డ్రై క్యాబిన్"లలో ఉంటూ నీళ్లు డబ్బాల్లో తెచ్చుకుంటారు. ఆ మాట ముందే చెప్పి అద్దెకిస్తే మాకు ఏ అభ్యంతరమూ లేదు. గంటసేపు వాదిస్తే 40 డాలర్లు వెనక్కి ఇచ్చాడు. అత్తయ్యగారు ఒకటే మాట అన్నారు: "మేమూ చెరువు నుంచి బిందెలతో మోసుకున్నవాళ్లమేనమ్మా. లేనివి ఉన్నాయని చెప్పి ఇంటికి పిలవడమే తప్పు."

మర్నాడు నెనానాలో టనానా నది ఒడ్డుకి వెళ్లాకే ఆవిడ ముఖం తేటపడింది. నది ఇంకా గడ్డకట్టే ఉంది, అంచుల్లో మాత్రం నల్లగా నీరు ఊరుతోంది. మధ్యలో కర్రల స్తంభం నిలబడి ఉంది. పేరుకి ట్రైపాడ్, కాళ్లు మాత్రం నాలుగు. దాన్నుంచి ఒడ్డున ఉన్న గడియారానికి తీగ కట్టి ఉంటుంది. మంచు విరిగి అది వంద అడుగులు జరిగితే గడియారం ఆగుతుంది. ఏ రోజు, ఏ నిమిషానికి ఆగుతుందో ముందే రాసిచ్చినవాళ్లకి బహుమతి. 1917లో రైలు మార్గం పనిలో ఉన్న ఇంజనీర్లు 800 డాలర్లు పోగేసి మొదలుపెట్టిన పందెం ఇది. 1964లో మే 20 దాకా కదల్లేదు, 2019లో ఏప్రిల్ 14కే కదిలిపోయింది. వందేళ్లకు పైబడిన ఆ లెక్కలు ఇప్పుడు వాతావరణ శాస్త్రవేత్తలకి పనికొస్తున్నాయి. పందెం టికెట్ల అమ్మకం ఏప్రిల్ మొదట్లోనే ఆగిపోతుంది, కొనాలనుకుంటే ముందే కొనండి.

అక్కడే 700 అడుగుల ఇనుప వంతెన ఉంది. 1923 జులై 15న అమెరికా అధ్యక్షుడు హార్డింగ్ ఈ ఊరికొచ్చి, అలాస్కా రైలు మార్గం పూర్తయినందుకు గుర్తుగా బంగారు మేకు కొట్టాడు. మూడు వారాలు తిరక్కుండానే చనిపోయాడు.

దారిలో ఎండ తగిలే గట్టు మీద ఊదారంగు పాస్క్ పూలు కనబడితే కారు ఆపాం. కాడ నిండా వెండి రంగు నూగు. చలికి కప్పుకున్న శాలువాలా ఉందని అత్తయ్యగారు వేలితో నిమిరారు.

ఫెయిర్‌బ్యాంక్స్‌లో క్రీమర్స్ ఫీల్డ్‌కి పైసా టికెట్ లేదు. ఈ రెండు రోజుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. 1904 నుంచి 1966 దాకా పాల డెయిరీ. అది మూతపడ్డాక పక్షులు దిగే పొలాలు పోకూడదని ఊరివాళ్లు చందాలు వేసుకుని నిలబెట్టారు. తెల్లటి కొట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. కరిగిన నీటి మడుగుల్లో కెనడా బాతులు, వెనక సాండ్‌హిల్ క్రేన్లు, అంటే కొంగల్లాంటి పెద్ద పక్షులు. ఒక జంట రెక్కలు విప్పి, ఎగిరెగిరి దూకుతూ నాట్యం చేసింది. వాటి అరుపు పొలం ఆ చివరి నుంచి కూడా గరగరా వినబడుతుంది.

అత్తయ్యగారు కంచె పట్టుకుని గంట నిలబడ్డారు. "మా ఆటపాకలో గూడబాతులు దిగినప్పుడూ ఇదే గోల," అన్నారు. చలి పెరుగుతోంది, కారెక్కుదాం అంటే, "ఇంకో జంట దిగుతోంది, ఉండమ్మా" అన్నారు.