క్యాంపస్ కౌన్సెలరా, 14416కు ఫోనా?

పరీక్షలు దగ్గరపడ్డాయి, బ్యాక్‌లాగ్‌లు పేరుకున్నాయి, నిద్ర లేదు, తిండి సహించడం లేదు. ఎవరితో మాట్లాడాలి?

ఖర్చు: 14416 అంటే టెలీ మానస్, ఫోన్‌లో మానసిక సాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్. ఇది ఉచితం. క్యాంపస్ కౌన్సెలర్‌కూ సాధారణంగా ఫీజు ఉండదు.

వేళ: కౌన్సెలర్ పనివేళల్లోనే దొరుకుతారు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అర్ధరాత్రి హాస్టల్లో ఊపిరాడనట్టు అనిపించే పిల్లలకు ఇది చాలా పెద్ద విషయం.

గోప్యత: అసలు భయం ఇక్కడే. "హెచ్‌ఓడీకి చెప్తారా? ఇంటికి ఫోన్ చేస్తారా?" మానసిక చికిత్స వివరాల గోప్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హక్కుగా గుర్తించింది, ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలు తప్ప. అయినా కౌన్సెలర్ గది ముందు క్లాస్‌మేట్ ఎదురవుతాడేమోనన్న బెరుకు చట్టంతో పోదు. మొదటి రోజే అడగండి: నేను చెప్పేది ఎవరికి చేరుతుంది? అలా అడగడం మర్యాద తప్పడం కాదు. ఫోన్‌లో ఈ బెరుకు తక్కువ.

కొనసాగింపు: ఫోన్‌లో ప్రతిసారీ అదే మనిషి దొరకకపోవచ్చు. కౌన్సెలర్‌కు మీ ముఖం తెలుసు. మీరు సన్నబడితే గమనిస్తారు, అటెండెన్స్ చిక్కొస్తే డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడగలరు. నా ఓటు ఈ ఒక్క కారణంతో కౌన్సెలర్‌కే.

వారాల తరబడి దిగులు, చదువు మీద ధ్యాస నిలవకపోవడం: కౌన్సెలర్.
కాలేజీలో కౌన్సెలర్ లేరు, ఉన్నా నమ్మకం కుదరలేదు: 14416.
చనిపోవాలనిపిస్తోంది: రూమ్‌మేట్‌ను లేపి, పక్కన కూర్చోబెట్టుకుని వెంటనే 14416కు ఫోన్ చేయండి. ప్రమాదం ముంచుకొస్తే 112.