స్ప్రూస్ విత్తనాల పొట్లం అందిన రోజే గింజ కోసి చూడండి

ఇంట్లో గింజ నుంచి స్ప్రూస్, పైన్ వంటి సతత హరిత వృక్షాలను పెంచాలనుకునేవారు ఇది తప్పక చదవండి. ఆన్‌లైన్‌లో నీలి స్ప్రూస్ విత్తనాలు కొని నేను మోసపోయాను. డబ్బు సంగతి అలా ఉంచితే, మూడు నెలల ఎదురుచూపు వృథా అయినందుకే నాకు ఎక్కువ కోపంగా ఉంది.

ఈ గింజలు బాగా మొలవాలంటే చలికాలం గడిచినట్టు వాటికి అనిపించాలి. అందుకే ఒక రోజంతా నానబెట్టి, తడి ఇసుకలో కలిపి, రెండు నెలలు ఫ్రిజ్‌లో ఉంచాను. విత్తిన కొద్ది రోజులకే మొలకలు కనిపించాయి. ఎంత సంబరపడ్డానో! వంగి చూస్తే ఒక్కో మొలకకు రెండేసి వెడల్పాటి ఆకులు. స్ప్రూస్ మొలక అలా ఉండదు. సన్నని కాడ కొసన ఆరేడు సూదుల్లాంటి ఆకులు గొడుగు ఊచల్లా విచ్చుకుంటాయి. మొదట్లో వాటి కొసలకు గింజ పొట్టు టోపీలా అంటుకుని ఉంటుంది. పొట్లంలో మిగిలిన గింజలను అరచేతిలో పోసుకుని చూశాను. గుండుసూది తలంత ఉన్నాయి, నల్లగా, గుండ్రంగా నిగనిగలాడుతున్నాయి. అసలు స్ప్రూస్ గింజ గోధుమ రంగులో, ఒక కొస మొనదేలి, 3, 4 మిల్లీమీటర్ల పొడవుంటుంది.

అమ్మినవారిని అడిగితే, వాపసు గడువు 30 రోజులేనన్నారు. మోసం కిటుకంతా ఇదే. గింజ గుట్టు బయటపడేసరికి గడువు ఎప్పుడో దాటిపోతుంది.

అందుకని పొట్లం అందిన రోజే నాలుగైదు గింజలను బ్లేడుతో నిలువునా కోయండి. లోపల తెల్లని పప్పు నిండుగా ఉండాలి. డొల్లగా ఉన్నా, పప్పు ఎండి ముడుచుకుపోయినా అవి తాలు గింజలే. వెంటనే ఫొటోలు తీసి ఫిర్యాదు చేయండి. గింజలు నీలంగా ఉంటే అసలు నమ్మవద్దు. ఆ చెట్టుకు నీలం ఛాయ సూదులపై ఉండే మైనపు పొర వల్ల వస్తుంది, గింజలో ఉండదు. విత్తనం నుంచి వచ్చిన మొక్కలన్నీ ఒకే నీలంగా ఉండవు కూడా. ‘బోన్సాయ్ విత్తనాలు’ అన్న ప్రకటనలనూ నమ్మవద్దు. బోన్సాయ్ అనేది చెట్టును పెంచే పద్ధతి, ఒక జాతి పేరు కాదు. పొట్లం మీద శాస్త్రీయ నామం (నీలి స్ప్రూస్‌కైతే పైసియా పంజెన్స్), గింజలు సేకరించిన సంవత్సరం లేకపోతే కొనకండి.

నా కుండీలో మొలిచినవి ఎక్కడి కలుపు మొక్కలో ఏమో. పూత రాకముందే మట్టితో సహా సంచిలో మూటకట్టి చెత్తలో వేశాను. మీరూ అలాంటి వాటిని తోటలో నాటకండి, ఎరువు గుంతలో వేయకండి.