ఒకే భవనంలో నాలుగు బడులు: మా పిల్లల హైస్కూలు ఎలా ఉంది?

అమెరికాలో పిల్లలను హైస్కూలుకు పంపబోయే తెలుగువాళ్లు తరచూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. మా ఊరి ప్రభుత్వ హైస్కూల్లో రెండు వేలకు పైగా పిల్లలున్నారు. మా అబ్బాయి చదివినప్పుడు అదంతా ఒకటే బడి. అమ్మాయి చేరేసరికి దాన్నే ఆరోగ్యం, ఇంజనీరింగు, కళలు, వ్యాపారం అని నాలుగు అకాడమీలు, అంటే బడిలోనే నాలుగు చిన్న బడులు చేశారు. భవనం, భోజనశాల, ఫుట్‌బాల్ జట్టు మాత్రం అందరికీ ఒకటే. నా మాట ముందే చెబుతాను: తొమ్మిది, పది తరగతులకు చాలా బాగుంది. పదకొండు నుంచి అన్నీ అడిగి తెలుసుకుని చేర్చండి.

అబ్బాయి లెక్కల్లో వెనకబడిన సంగతి రిపోర్టు కార్డు వచ్చేదాకా మాకు తెలియలేదు. పిల్లల చదువు బాగోగులు చూసే కౌన్సెలర్‌తో మాట్లాడాలని ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, "ఇంటిపేరు ఏ అక్షరంతో మొదలవుతుంది?" పిల్లలను కౌన్సెలర్లకు అక్షరాల వారీగా పంచారు మరి. ఒక్కొక్కరికి 250 మందికి మించి ఉండకూడదని వాళ్ల వృత్తి సంఘమే చెబుతుంది. మాకు దొరికినాయనకు మా వాడి ముఖం కూడా గుర్తులేదు.

అమ్మాయి బయాలజీ ల్యాబ్ నోట్సు ఇవ్వడం మానేస్తే, ఫోన్ చేసింది బయాలజీ టీచర్ కాదు, ఇంగ్లిష్ టీచర్. "నా క్లాసులోనూ మాట్లాడటం లేదు, పొద్దున మేమంతా అనుకున్నాం" అన్నారామె. నేను వెళ్లేసరికి నలుగురు టీచర్లు ఒకే బల్ల చుట్టూ ఉన్నారు. మధ్యలో ఒకే కాగితం, నాలుగు రకాల చేతిరాత. ల్యాబ్‌లో దాని పక్కన కూర్చోబెట్టిన అమ్మాయికీ దానికీ మాటల్లేవని అక్కడే తేలింది. మర్నాడు చోటు మార్చారు, నోట్సు మొదలైంది.

ఇది అకాడమీ పేరు చేసిన పని కాదు. వరండాలకు నాలుగు రంగులు వేసి, పిల్లలకు నాలుగు రంగుల టీషర్టులు పంచారు. ఆ ఖర్చు దండగ. అసలు పనిచేసింది టైమ్‌టేబుల్. ఆ నలుగురు టీచర్లూ చెప్పేది ఒకే గుంపు పిల్లలకు, రోజూ ఒక పీరియడు అందరికీ కలిసి ఖాళీ. ఆ పీరియడు తీసేస్తే మిగిలేది రంగులే.

ఇక పదకొండో తరగతి. పై స్థాయి కాలిక్యులస్ ఇంజనీరింగు అకాడమీలోనే ఉంది, అదీ సరిగ్గా ఆర్కెస్ట్రా వేళకే. ఆరోగ్యం అకాడమీలో ఉన్న మా అమ్మాయి వయొలిన్ వదులుకోవాలి, లేదా లెక్కలు వదులుకోవాలి. 1959లో హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ కోనెంట్ చిన్న హైస్కూళ్లను కలిపేయమన్నది ఇందుకే: పిల్లలు తక్కువైతే పై పాఠాలు చెప్పించడం గిట్టుబాటు కాదని. డెన్వర్‌లో మాన్యువల్ హైస్కూలును 2001లో మూడు ముక్కలు చేస్తే, పిల్లలు తగ్గిపోయి 2006లో మూతపడింది. గేట్స్ ఫౌండేషన్ కూడా ఇలాంటి బడుల మీద చాలా డబ్బు పెట్టింది. వాటిలో చాలాచోట్ల చదువు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదని 2009లో బిల్ గేట్సే రాశారు. అయితే న్యూయార్క్‌లో పెట్టిన కొత్త చిన్న బడుల్లో, లాటరీలో సీటు వచ్చినవాళ్లు రానివాళ్ల కంటే ఎక్కువగా హైస్కూలు పూర్తిచేశారు. అవి విడిగా సొంత ప్రిన్సిపాల్‌తో, సొంత టీచర్లతో నడిచే బడులు. మాది అంత దూరం పోలేదు.

ఇంకొకటి, మనవాళ్లకు చెప్పాల్సింది. ఇంజనీరింగు అకాడమీ సమావేశానికి వెళితే సగం మంది తెలుగులోనే పలకరించుకున్నారు. పిల్లలు కలిసిమెలిసి చదువుతారని చేసిన ఏర్పాటును మనమే కోచింగ్ సెంటర్‌గా మార్చేస్తున్నాం. బొమ్మలు బాగా వేసే పిల్లవాణ్ణి కళల అకాడమీలో వేయడానికి ఎందుకంత భయమో నాకు అర్థం కాదు.

చేర్చే ముందు మీ పిల్లల టీచర్లందరికీ కలిసి ఖాళీ పీరియడు ఉందా, పక్క అకాడమీలో పాఠం తీసుకోనిస్తారా అని అడగండి. బ్రోషరులో ఈ రెండూ ఉండవు. ప్రస్తుతానికి నా మార్కులు అయిదుకు మూడున్నర. ఆర్కెస్ట్రా వేళ మార్చమని కొందరం తల్లిదండ్రులం దరఖాస్తు ఇచ్చాం. మారిస్తే నాలుగు చేస్తాను.