సొంత గేమింగ్ రౌటర్ కొనే ముందు ఫైబర్ కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి

కడపలోగానీ, ప్రొద్దుటూరు, మైదుకూరు, పులివెందుల వంటి ఊళ్లలోగానీ ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించుకొని, ఆన్‌లైన్ ఆటల కోసం సొంతంగా ఖరీదైన రౌటర్ కొనాలని ఆలోచిస్తున్నవారికి ఇది హెచ్చరిక. పద్నాలుగు వేల రూపాయలకు పైగా పెట్టి మేము కొన్న గేమింగ్ రౌటర్ ఈనాటికీ చక్కగానే పనిచేస్తోంది. ఫైబర్ లైనులో కూడా చెప్పుకోదగ్గ లోపం లేదు. అయినా కొన్న ప్రయోజనం సగం కూడా నెరవేరలేదు. ఆ రెండింటికీ నడుమ ఉండే పెట్టె తాళం ఇంటర్నెట్ కంపెనీవారి దగ్గర ఉండడం, ఆ సంగతిని రౌటర్ అమ్మినవారుగానీ లైను ఇచ్చినవారుగానీ ముందుగా చెప్పకపోవడం ఇందుకు కారణం. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున కంపెనీ పేరు, దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. పైగా ఈ ఇబ్బంది ఏ ఒక్క కంపెనీకో పరిమితమైనది కాదు.

మా తమ్ముడు ప్లేస్టేషన్ 5లోనూ, కంప్యూటర్‌లోనూ ఆడతాడు. కంపెనీ ఇచ్చిన ఫైబర్ బాక్సు కింద హాలులో ఉంటుంది, అతని గది మేడమీద ఉంటుంది. నడుమ స్లాబు, గోడలు ఉండడంతో అక్కడికి వైఫై అరకొరగా అందేది. కొనే ముందు అడగవలసినవారిని అడిగాము. దుకాణంలో "గేమింగ్ రౌటర్ పెడితే పింగ్ ఐదారుకు దిగుతుంది సార్" అన్నారు. పింగ్ అంటే మన సంకేతం ఆట సర్వర్ దాకా పోయి రావడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో. లైను చూసే అబ్బాయి "ఏ రౌటరైనా పడుతుందన్నా, మా బాక్సులోనుంచి ఒక వైరు దాంట్లోకి పెడితే అయిపాయ" అన్నాడు. ఆ రెండో మాటలో అబద్ధం లేదు. వైరు పెట్టగానే ఇంటర్నెట్ వచ్చింది, మేడమీదికి వైఫై కూడా అందింది. తేడా ఆటలో బయటపడింది. ప్లేస్టేషన్‌లో కనెక్షన్ పరీక్ష నడిపితే నాట్ టైప్ 3 అని చూపించింది, అంటే బయటి ఆటగాళ్ల యంత్రాలు మనతో నేరుగా కలవడానికి అడ్డంకి ఎక్కువగా ఉందని (నాట్ సంగతి కింద రాశాను). స్నేహితులతో వాయిస్ పార్టీ కలవడం మానేసింది. జీటీఏ ఆన్‌లైన్‌లా ఆటగాళ్ల యంత్రాలు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఆటల్లో సెషన్ మధ్యలో తెగిపోసాగింది. వాలరెంట్, బీజీఎంఐ వంటివి ఆ ఆటల కంపెనీల సర్వర్ల మీదే నడుస్తాయి గనుక వాటికి ఈ బెడద పెద్దగా ఉండదు. మీ ఇంట్లో అవి మాత్రమే ఆడుతుంటే కింద రాసినవాటిలో చాలా సంగతులు మీకు అవసరం లేదు, ఖరీదైన రౌటర్ కూడా అవసరం లేకపోవచ్చు.

ఫైబర్‌లో ప్రయాణించేది వెలుతురు, మామూలు రౌటర్‌లో బయటి ఇంటర్నెట్ వైరు పెట్టే వాన్ పోర్టు తీసుకునేది రాగి వైరును. కాబట్టి వెలుతురును విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టె ఒకటి ఉండి తీరాలి. దాన్నే మనవాళ్లు మోడెం అనో ఫైబర్ బాక్సు అనో పిలుస్తారు, సాంకేతికంగా దాని పేరు ఓఎన్‌టీ. ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్ మీద సెకనుకు సుమారు 2.5 గిగాబిట్ల డౌన్‌లోడ్, 1.25 గిగాబిట్ల అప్‌లోడ్ సామర్థ్యం ఉంటుంది. వెలుతురును చీల్చే స్ప్లిటర్ ద్వారా 32 లేదా 64 ఇళ్లు దాన్ని పంచుకుంటాయి. కంపెనీ వైపున ఉండే ఓఎల్‌టీ అనే యంత్రం ఏ ఇంటి పెట్టె ఎప్పుడు పంపాలో నిర్ణయిస్తూ, ప్రతి పెట్టెనూ దాని సీరియల్ నంబరును బట్టి గుర్తిస్తుంది. అందువల్ల ఆన్‌లైన్‌లో చవకగా దొరికే ఓఎన్‌టీని తెచ్చి కంపెనీ పెట్టె స్థానంలో పెట్టినంత మాత్రాన లైను రాదు, దాన్ని కంపెనీవారు తమ దగ్గర నమోదు చేయాలి. కేబుల్ ఆపరేటర్లు కొందరు వాడే ఈపాన్ పద్ధతి ఇంకా వేరు, కేవలం జీపాన్‌కు చేసిన పెట్టె అక్కడ ఎందుకూ పనికిరాదు.

అసలు చిక్కు ఆ పెట్టె చేసే రెండో పని దగ్గర ఉంది. కంపెనీలు ఇచ్చే ఓఎన్‌టీలో సాధారణంగా రౌటర్ కూడా కలిసే ఉంటుంది. ఇంట్లోని పరికరాలన్నీ ఒకే బయటి చిరునామాను వాడుకునేలా చిరునామాలు మార్చే నాట్ అనే పనిని అది ఒకసారి చేస్తుంది. దాని వెనుక మన సొంత రౌటర్ పెడితే అదే పని రెండోసారి జరుగుతుంది. దీనినే డబుల్ నాట్ అంటారు. బయటి నుంచి మన ఆటకు రావలసిన సమాచారం మొదటి పెట్టె దాకా వచ్చి, అక్కడి నుంచి ఎటు పోవాలో తెలియక ఆగిపోతుంది. మన రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి ఒక పోర్టు నంబరుకు వచ్చే సమాచారాన్ని ఫలానా పరికరానికి పంపమనే అమరిక) ఎంత శ్రద్ధగా చేసినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఆ సమాచారం మన రౌటర్ దాకా రానే రాదు. మీ సొంత రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (రౌటర్‌కు బయటివైపు అందిన చిరునామా) అన్నచోట 192.168తో మొదలయ్యే సంఖ్య కనిపిస్తే దాదాపుగా ఇదే జరుగుతున్నట్టు.

దీనికి సరైన మందు బ్రిడ్జ్ మోడ్. ఓఎన్‌టీ కేవలం వెలుతురును మార్చే పనికి పరిమితమై, మిగతా బాధ్యతంతా మన రౌటర్‌కు అప్పగిస్తుంది. మారిన తరువాత పీపీపీఓఈ (కంపెనీ లైనులోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, చాలాచోట్ల వీల్యాన్ నంబరు (లైనులో ఇంటర్నెట్ సేవను వేరుగా గుర్తించే సంఖ్య) మన రౌటర్‌లో నింపాలి. కంపెనీ పాత పెట్టె మ్యాక్ చిరునామాకు (పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్యకు) కనెక్షన్‌ను ముడిపెట్టి ఉంటే దాన్ని కూడా మార్పించాలి. మా విషయంలో ఫోన్‌లో అడిగినప్పుడు అలాంటి సదుపాయమే లేదన్నారు. మరొకసారి, ఉంది గానీ గృహ కనెక్షన్లకు ఇవ్వమన్నారు. ఇంకొకరు పాస్‌వర్డ్ ఇవ్వడం భద్రతకు విరుద్ధమన్నారు. ల్యాండ్‌లైన్ ఫోను, టీవీ అదే పెట్టె ద్వారా వస్తున్న ఇళ్లలో బ్రిడ్జ్ చేస్తే అవి ఆగిపోయే అవకాశం ఉన్నమాట నిజమే. అది చెప్పుకోదగ్గ కారణం. అయితే మా ఇంట్లో ఆ రెండూ లేవు. చివరకు రాతపూర్వక ఫిర్యాదు చేసి, అప్పీలుకు వెళ్లిన తరువాతే బ్రిడ్జ్ చేశారు.

కంపెనీ ఒప్పుకోకపోతే మిగిలే దారులు రెండు. కంపెనీ పెట్టెలోకి లాగిన్ అయ్యే వీలుంటే, డీఎంజెడ్ అనే అమరికలో మీ రౌటర్ చిరునామాను నింపి, వచ్చిన సమాచారమంతా దానికే పంపమనవచ్చు. లేదా మీ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి వైఫై కోసం మాత్రమే వాడుకోవచ్చు. రెండో దారిలో డబుల్ నాట్ పోతుంది గానీ, చాలా రౌటర్లలో ఆ మోడ్‌లో గేమింగ్ ప్రాధాన్యం, ట్రాఫిక్ నియంత్రణ వంటి అమరికలు మూతబడతాయి. ఏ లక్షణాల పేరు చెప్పి అదనపు ధర తీసుకున్నారో, సరిగ్గా అవే పనికిరాకుండా పోతాయన్నమాట.

బ్రిడ్జ్ అయ్యాక ప్లేస్టేషన్‌లో అడ్డంకి తక్కువగా ఉండే టైప్ 2 వచ్చింది, వాయిస్ పార్టీ కుదిరింది. కానీ తమ్ముడు స్నేహితుల కోసం ఇంట్లోనే మైన్‌క్రాఫ్ట్ సర్వర్ నడపాలనుకున్నాడు, అది మాత్రం బయటివారికి అందలేదు. వాన్ ఐపీ చూస్తే 100.64తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న ఈ చిరునామాలను కంపెనీలు తమ లోపలి వాడకానికి ఉపయోగించుకునేలా 2012లో ప్రత్యేకించారు. అంటే మన ఇంటి బయట, కంపెనీ దగ్గర, ఇంకొక పెద్ద నాట్ నడుస్తోంది. దాన్ని సీజీనాట్ అంటారు. ఒక బయటి చిరునామాను ఎన్నో ఇళ్లు పంచుకుంటాయి గనుక మీ పోర్టు ఒక్కటి మీకోసం తెరవడం అక్కడ కుదరదు. రౌటర్ ఎంత గొప్పదైనా చేయగలిగింది ఏమీ లేదు. దీన్ని మోసం అనను. పాత తరహా ఐపీవీ4 చిరునామాలు ప్రపంచమంతటా అడుగంటాయి. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి వాటిని పంచే ఏపీనిక్ దగ్గర మామూలు నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అయిపోయింది. కొత్తగా వచ్చిన కంపెనీలకు వేరే దారి తక్కువ. అయితే కొనుగోలుదారుడు నేరుగా అడిగినప్పుడు కూడా చెప్పకపోవడాన్ని సమర్థించలేము.

ఇక్కడే మరో ఉచ్చు ఉంది, జాగ్రత్తగా గమనించండి. ఈ సమస్యకు స్టాటిక్ ఐపీ (ఎప్పటికీ మారని చిరునామా) తీసుకోమని సలహా ఇస్తారు, దానికి అదనపు రుసుము ఉంటుంది. మేము డబ్బు కట్టిన తరువాత వచ్చిన చిరునామా 10తో మొదలైంది. అది మారదు గనుక స్టాటిక్ అన్నమాట వాస్తవమే, కానీ బయటి ప్రపంచానికి కనిపించని ప్రైవేటు చిరునామా అది, దానితో మాకు ఒరిగింది శూన్యం. 10తోగానీ, 192.168తోగానీ, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవాటితోగానీ మొదలయ్యేవన్నీ ప్రైవేటువే. కాబట్టి అడిగేటప్పుడు "పబ్లిక్ స్టాటిక్ ఐపీవీ4" అని పూర్తిగా రాసి అడగండి. వచ్చిన తరువాత రౌటర్‌లో కనిపించే వాన్ ఐపీ, మీ ఐపీ ఏదో చూపించే వెబ్‌సైటులో కనిపించే సంఖ్య ఒకటేనా కాదా సరిచూసుకోండి. ఒకటి కాకపోతే మీరు చెల్లించినదానికి విలువ రానట్టే. కొత్త తరహా చిరునామాలైన ఐపీవీ6 సక్రమంగా ఇస్తున్న కంపెనీ అయితే, ఆట, అవతలి ఆటగాళ్ల కనెక్షన్లు కూడా దాన్ని వాడుకునేవైతే, ఈ ఖర్చు తప్పవచ్చు.

ఇక పింగ్ ఐదారుకు దిగుతుందన్న మాట సంగతి. గాజు ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కడప నుంచి వాలరెంట్ సర్వర్లున్న ముంబయికి సరళరేఖలో సుమారు 800 కిలోమీటర్లు. పోయి రావడానికే 8 మిల్లీసెకన్లు కావాలి, కేబుళ్లు సరళరేఖలో పోవు గనుక వాస్తవంలో ఇంకా ఎక్కువే పడుతుంది. సింగపూర్ సర్వర్ అయితే 31కి తగ్గదు. ఏ రౌటరూ ఈ దూరాన్ని తగ్గించలేదు. రౌటర్ నిజంగా తగ్గించగలిగింది వేరొకటి ఉంది. ఇంట్లో ఒకరు పెద్ద వీడియో అప్‌లోడ్ చేస్తున్నప్పుడు ఆట సమాచారం వరుసలో వెనుక నిలబడి పింగ్ ఒక్కసారిగా వందల్లోకి పోతుంది. ఈ వరుసను సర్దే ఎస్‌క్యూఎం అనే సదుపాయమున్న రౌటర్‌లో లైను వేగానికి 90 శాతం దగ్గర హద్దు పెడితే ఈ ఎగుడుదిగుడు చాలావరకు పోతుంది. ఆ సదుపాయం ఉన్నవి మధ్యరకం ధరలోనూ దొరుకుతాయి. దుకాణంలో దాని గురించి అడిగితే మాకు జవాబు రాలేదు, రంగురంగుల లైట్ల గురించి మాత్రం చాలా చెప్పారు.

రౌటర్ అట్టపెట్టె మీద రాసే ఏఎక్స్ 5400 వంటి వేగపు అంకెలను కూడా యథాతథంగా నమ్మవద్దు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 574, 5 గిగాహెర్ట్జ్‌లో 4804 మెగాబిట్లు కలిపి, ఆపై సంఖ్యను గుండ్రం చేస్తే వచ్చేది అది. ఏ ఒక్క పరికరానికీ అంత వేగం రాదు. కంపెనీ ఓఎన్‌టీలో మన రౌటర్ వైరు పెట్టే ల్యాన్ పోర్టు 100 మెగాబిట్లది అయితే, మీది 300 మెగాబిట్ల ప్లాను అయినా సొంత రౌటర్‌కు 95కు మించి అందదు. కొన్ని చవక పెట్టెలలో అలాంటి పోర్టులే ఉంటాయి. వీలైతే ప్లేస్టేషన్‌కు క్యాట్ 5ఈ వైరు లాగించండి. గిగాబిట్ వేగానికి ఎనిమిది తీగలూ బిగించాలి, నాలుగే బిగించి సరిపెట్టే పనివారున్నారు.

పింగ్ బాగున్నా ప్యాకెట్లు (సమాచారపు ముక్కలు) దారిలో తప్పిపోతుంటే రౌటర్‌ను అనుమానించే ముందు వెలుతురు బలం కొలిపించండి. జీపాన్‌లో సాధారణంగా వాడే శ్రేణిలో మైనస్ 27 డీబీఎం (వెలుతురు బలాన్ని కొలిచే ప్రమాణం) కంటే సంకేతం బలహీనపడితే లైను నిలకడగా ఉండదు. కరెంటు స్తంభాల మీదుగా వచ్చే కేబుల్ గాలివానకు నలిగినా, ఇంట్లో మూల దగ్గర గట్టిగా వంగినా ఇలా అవుతుంది.

డబ్బు వెనక్కి రాబట్టుకోవడం గురించి. పెట్టె తెరిచారు గనుక వాపసు తీసుకోబోమని దుకాణంవారు అన్నారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. మా రౌటర్‌లో లోపం లేదు గనుక ఆ నిబంధన మాకు సూటిగా వర్తించలేదు. వస్తువు గురించి తప్పుడు హామీ ఇవ్వడం కూడా అదే చట్టం కిందికి వస్తుంది గానీ, ఆ హామీ నోటిమాటగా మిగిలితే నిరూపించడం కష్టం. అందుకే బిల్లు మీదనో వాట్సాప్‌లోనో రాయించుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల వరకు చెల్లించిన సొమ్ముకు ఫిర్యాదు రుసుము లేదు, కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా దాఖలు చేయాలి. ఇంటర్నెట్ కంపెనీ మీద అయితే ముందు వారి ఫిర్యాదు కేంద్రంలో నమోదు చేసి డాకెట్ నంబరు తీసుకోవాలి, పరిష్కారం కాకపోతే వారి అప్పిలేట్ అథారిటీకి వెళ్లాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను స్వయంగా విచారించదు. లైను ఇచ్చినది కేబుల్ ఆపరేటర్ అయితే బిల్లు మీద లైసెన్సు ఉన్న అసలు కంపెనీ ఏదో చూసి, ఫిర్యాదు దానికే పంపండి.

రౌటర్ కొనే ముందు కంపెనీకి మెయిల్ చేయవలసిన పాఠం ఇది, కావలసినవారు యథాతథంగా వాడుకోవచ్చు:

"నా ఫైబర్ కనెక్షన్‌కు సొంత రౌటర్ పెట్టుకోదలచాను. మీ ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లోకి మారుస్తారా? మారిస్తే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు నాకు ఇస్తారా? నా ల్యాండ్‌లైన్, టీవీ సేవలకు అంతరాయం కలుగుతుందా? కనెక్షన్ మ్యాక్ చిరునామాకు ముడిపడి ఉంటే మార్చడానికి రుసుము ఎంత? ప్రస్తుతం నా కనెక్షన్ సీజీనాట్ వెనుక ఉందా? పబ్లిక్ స్టాటిక్ ఐపీవీ4 చిరునామాకు జీఎస్‌టీతో కలిపి నెలకు ఎంత? ఐపీవీ6 ఇస్తున్నారా? ఓఎన్‌టీ ల్యాన్ పోర్టు 100 మెగాబిట్లదా, గిగాబిట్‌దా? దయచేసి ఫోన్ చేయకుండా ఈ మెయిల్‌కే జవాబు పంపగలరు."